పదో స్థానానికి పోటీ

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా ఒకటే. బంతి గుండ్రంగా ఉంటుంది, మా కాలేజీ స్కోరూ గుండ్రంగానే ఉంటుంది. నేను మొగలిలంక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో సూపరింటెండెంటుని. ఇరవై ఆరేళ్ళుగా కాగితాలు చూసీ చూసీ తల నెరిసినవాణ్ణి. ఆటలూ పాటలూ నా సెక్షను కాదు. అయినా ఈ కథ నేనే చెప్పాలి. ఇందులో జరిగిన ప్రతి అఘాయిత్యానికీ ఒక ఫైలుంది, ఆ ఫైళ్ళన్నీ నా బీరువాలోనే ఉన్నాయి.

మా విశ్వవిద్యాలయం కింద ఫుట్‌బాల్ ఆడే కాలేజీలు పది. అందులో మాది ఎప్పుడూ పదో స్థానమే. దానికి కారణం మా కుర్రాళ్ళకు ఆట రాకపోవడం కాదు, మర్యాద రావడం. మా లంకల్లో ఎదురుగా మనిషి వస్తుంటే పక్కకు జరిగి దారివ్వడం పుట్టుకతో వచ్చే అలవాటు. వచ్చేవాడు బంతితో వస్తున్నా సరే, మా డిఫెండరు ఓ అడుగు పక్కకేసి, "ఆయ్, రండి" అన్నట్టు నిలబడేవాడు. తొమ్మిది గోల్సు కొట్టించుకున్నాక అవతలి జట్టుకు కొబ్బరి బొండాలు కొట్టించి, బస్సు దాకా వెళ్ళి సాగనంపేవాళ్ళు. మాతో మ్యాచ్ అంటే మిగతా కాలేజీల వాళ్ళు కుటుంబాలతో సహా వచ్చేవారు.

ఏడేళ్ళ కిందట గెడ్డం ఏసుపాదం కాంట్రాక్టు ఫిజికల్ డైరెక్టరుగా వచ్చాడు. పొట్టి మనిషి, మెళ్ళో విజిల్, కాళ్ళకు ఎప్పుడో తెల్లగా ఉండిన బూట్లు. వచ్చిన మొదటి నెల బంతి బయటికి తియ్యలేదు. రోజూ తెల్లారి ఐదున్నరకు పిల్లల్ని రెండు వరసలుగా ఎదురెదురు నిలబెట్టి, ఒకరి మీదికి ఒకరిని నడిపించేవాడు. పక్కకు తప్పుకున్నవాడు గ్రౌండు చుట్టూ ఓ చుట్టు పరుగెత్తాలి. "మర్యాద మ్యాచ్ అయ్యాక చెయ్యండిరా, ఎవరొద్దన్నారు? మ్యాచ్‌లో మాత్రం వాడు మన ఇంటికి చుట్టపుచూపుగా రాట్లేదు, గుర్తెట్టుకోండి" అనేవాడు. ఆ నెలలో మా పిల్లలు పరుగెత్తిన దూరానికి కాశీకెళ్ళి తిరిగి రావచ్చు.

ఆ ఏడాది తొమ్మిదో స్థానం వచ్చింది. మరుసటేడు ఎనిమిది. అలా ఏడాదికో మెట్టు చొప్పున ఏడేళ్ళలో మూడో స్థానానికి చేరాం. ఆ ఏడేళ్ళలో కాలేజీలో ఏ ఒక్కరూ ఈ సంగతి గమనించలేదు. ప్రతి ఏడూ పోటీలు అయ్యాక ఏసుపాదం మాత్రం నా బల్ల ముందుకొచ్చి నిలబడేవాడు.

"అప్పాజీ గారండి, ఈసారి ఆరో స్థానం వచ్చిందండి. ఆ మాట ఓ కాగితమ్మీద రాసి స్టాంపేసి ఇప్పిత్తారేంటండి? పిల్లలకి చూపించుకుంటానండి."

"ప్రొవిజన్ లేదయ్యా" అనేవాణ్ణి.

నిజంగానే లేదు. స్థానం వచ్చినట్టు ధ్రువీకరించే ఫారం మా ఆఫీసులో లేదు. "పోన్లెండి, వచ్చే ఏడు చూద్దారి" అని వెళ్ళిపోయేవాడు. ఆ మరుసటేడు ఐదో స్థానానికీ అదే మాట అడిగాడు, నేనూ అదే మాట చెప్పాను.

ఇలా ఎవరి పని వాళ్ళు చేసుకుంటుండగా విశ్వవిద్యాలయానికి ఒక ఉత్సాహం వచ్చింది. ఆచార్య పేరూరి ఉగ్రనరసింహం గారు, క్రీడా మండలి అధ్యక్షులు, విదేశాల్లో మునిగిపోతున్న కాలేజీ ఫుట్‌బాల్ జట్లను ఒడ్డున పడేసిన మహా కోచ్‌ల మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. అక్కడి ఫుట్‌బాల్ ఎక్కువగా చేతులతో ఆడతారన్న సంగతి ఆయనకు మూడో రోజున తెలిసిందట. అప్పటికే నివేదిక సగం రాసేశారు గనక మార్చలేదు.

తిరిగొచ్చీ రాగానే "పతనోత్థాన తులనాత్మక అధ్యయన సంఘం" అని ఒకటి వేశారు. పడిపోయిన జట్టును పైకి లేపిన కోచ్‌లలో ఎవరు గొప్పో పోల్చి తేల్చడం దాని పని. తేలినవారికి విశ్వవిద్యాలయంలో శాశ్వత కోచ్ పదవి. ఆ మాట విన్న రోజు ఏసుపాదం ముఖం చూడాలి. అతనికి యాభై ఒకటి నిండాయి. ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే వయసు దాటి చాలా కాలమైంది. ప్రతి జూన్‌లో కాంట్రాక్టు పొడిగిస్తారో లేదోనని మే నెలంతా నిద్ర లేకుండా గడిపే మనిషి. ఇది దక్కితే రిటైరయ్యేదాకా మే నెలలో కూడా నిద్రపోవచ్చు.

సంఘం ముందుకు పది మంది కోచ్‌లనూ పిలిచారు. మా ఫైలు మొయ్యడానికి నేనూ వెళ్ళాను.

మొదట త్రిశిఖర డిగ్రీ కళాశాల కోచ్ వేగిరాజు శ్రీహర్షవర్మ గారు లేచారు. కోటు, నల్లకళ్ళద్దాలు. ఆయన జట్టు ఒక ఏడాది ఫస్టు వస్తుంది, మరుసటేడు ఆఖరు వస్తుంది, ఆ మరుసటేడు మళ్ళీ ఫస్టు. కారణం చాలా మామూలుది. ఆ కాలేజీ వాళ్ళు ఏడాది విడిచి ఏడాది స్పోర్ట్స్ కోటాలో సీట్లిస్తారు. వర్మ గారు మాత్రం తెర మీద ఒక గ్రాఫు వేసి చూపించారు. అది పుట్టు రోగిష్టి గుండె గీతలా పైకీ కిందకీ కొట్టుకుంటోంది.

"పదో స్థానం నుంచి మొదటి స్థానానికి. ఒక్కసారి కాదు, ఏడేళ్ళలో మూడు సార్లు" అన్నారు వర్మ గారు.

సభ చప్పట్లు కొట్టింది. మధ్యలో మూడు సార్లు ఎందుకు పడ్డారని ఎవరూ అడగలేదు. పడకుండా లేవలేరు కదా.

తర్వాత ఏసుపాదం లేచాడు. గ్రాఫు లేదు. చేతిలో నేను టైపు చేసిచ్చిన అర పేజీ కాగితం.

"తమరి మెథడాలజీ?" అన్నారు ఉగ్రనరసింహం గారు.

"పొద్దున్నే ఐదున్నరకండి."

"అది సమయం. మేము అడిగేది విధానం."

"రోజూ ఆడించానండి. రానివాణ్ణి ఇంటికెళ్ళి లేపుకొచ్చానండి. అంతేనండి."

ఆచార్యుల వారు కాగితం అటూ ఇటూ తిప్పారు. పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు అని పైకే చదివారు. చదువుతుంటే ఆయనకే ఆవులింత వచ్చింది. "ఏసుపాదం గారూ, సంఘం దృష్టిలో ఇది ఉత్థానం కాదు, మందగమనం. ఏటా ఒక్క స్థానం. మీ జట్టు ఒక్కసారైనా కుప్పకూలిందా?"

"లేదండి. కూలకుండా చూసుకున్నానండి."

"అదే మీ లోపం" అన్నారాయన, చాలా ప్రేమగా. "కూలనిదాన్ని నిలబెట్టామంటే సంఘం ఎలా నమ్మాలి?"

వారం తిరిగేసరికి మొదటి సర్క్యులర్ వచ్చింది. నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అంత చక్కటి భాష ఉన్న కాగితం నేను చూడలేదు. "ప్రస్తుత సంవత్సరమును ఆధార సంవత్సరముగా ప్రకటించడమైనది. ఈ సంవత్సరపు స్థానము నుండి వచ్చే సంవత్సరపు స్థానమునకు అత్యధిక ఎదుగుదల చూపిన కోచ్ శాశ్వత పదవికి ఎంపిక చేయబడును. కనీసము ఐదు స్థానముల ఎదుగుదల తప్పనిసరి. ఈ సంవత్సరము మొదటి ఐదు స్థానములలో నిలిచిన జట్లకు ఐదు స్థానములు ఎదుగుటకు గణితశాస్త్రరీత్యా అవకాశము లేనందున, అట్టి కోచ్‌ల కాంట్రాక్టులను పొడిగించవలసిన అవసరము లేదు."

ప్రిన్సిపాల్ చామర్తి విశ్వపతి గారు ఎకనామిక్స్ మనిషి. అర నిమిషంలో లెక్క తేల్చేశారు. ఏసుపాదాన్ని పిలిపించి కుర్చీ చూపించారు, అదీ మొదటిసారి.

"ఏసుపాదం గారూ, ఈ ఏడు మనం ఓడిపోవాలి."

"ఎన్ని మ్యాచ్‌లండి?"

"అన్నీ."

ఏసుపాదం నా వైపు చూశాడు. నేను సర్క్యులర్ వైపు చూశాను. "పెద్ద కష్టమేముందయ్యా" అన్నాను నేను. "పాతికేళ్ళు చేసిన పనే కదా మనం. కాలేజీకి అనుభవం ఉంది."

"కాలేజీకి ఉందండి. ఈ పిల్లలకి లేదండి" అన్నాడు.

ఆ సాయంత్రం నేనూ గ్రౌండుకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. ఏసుపాదం పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అసలు సంగతి ఏమీ దాచకుండా చెప్పాడు. నా ఉద్యోగం ఉండాలంటే మీరు ఓడాలి, వచ్చే ఏడు గెలవాలి, అంతే. పిల్లలు తలలూపారు. మేస్టారి కోసం ఏదైనా చేస్తామన్నారు. తర్వాత సాధన మొదలైంది. ఏడేళ్ళ కిందట తప్పుకోవద్దని నేర్పినవాడే ఇప్పుడు తప్పుకోండిరా అని విజిలేస్తున్నాడు. ఒక్కడూ తప్పుకోడు. కాళ్ళు కదలవు.

గోల్‌కీపరు సంగాడి ధర్మరాజు చేపల వేటకెళ్ళే ఇంటి కుర్రాడు. చేతులు తెడ్డంత ఉంటాయి. ఏసుపాదం మెల్లగా బంతి తన్ని, "వదిలెయ్యరా" అంటాడు. వాడు సరేనండి అంటూనే పట్టేస్తాడు. పదిసార్లు తన్నాడు, పదిసార్లూ పట్టేశాడు.

"ఏటి సెయ్యమంటారండి మేస్టారు" అన్నాడు వాడు ఏడుపు ముఖంతో. "బంతి వత్తంటే సెయ్యి దానంతటది ఎల్లిపోతందండి. వదిలేద్దామనే అనుకుంటన్నానండి."

ఏసుపాదం వాడి పక్కన గోలు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. "నా కర్మ కాలి బాగా నేర్పేశాన్రా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు.

పోటీలు మొదలయ్యాయి. మొదటి మ్యాచ్ మా గ్రౌండులోనే. మా పిల్లలు బంతి ముట్టకూడదని ఒట్టు పెట్టుకుని దిగారు. అవతలివాళ్ళకీ ఒక ప్రిన్సిపాల్ ఉన్నాడు, ఆయనకీ లెక్కలొచ్చు. విజిల్ ఊదగానే అవతలి సెంటర్ ఫార్వర్డు బంతి అందుకుని వెనక్కి తిరిగి, తన గోల్‌కీపర్ని తప్పించుకుని తన గోల్లోకే కొట్టేశాడు. అద్భుతమైన గోలు. హాఫ్‌టైముకి అలాంటివి ఆరు కొట్టాడు. మావాళ్ళు ఒక్కసారి కూడా కాలు ఎత్తకుండా ఆరు గోల్స్‌తో గెలిచేశారు.

"గెలిచేశామండి" అని వచ్చి చెప్పాడు ఏసుపాదం. ఎవరో పోయినట్టు చెప్పాడు. ప్రిన్సిపాల్ గారు సంజాయిషీ నోటీసు ఇమ్మన్నారు. "అనుమతి లేకుండా విజయం సాధించినందుకు" అని నేనే డ్రాఫ్టు చేశాను.

అంతటా ఇదే వరస. ఒక కాలేజీలో రెండు జట్లూ తమ తమ గోల్లోకే కొట్టుకోగా పద్నాలుగు పద్నాలుగుతో సమానమైంది. సంఘం పరిశీలకులు అది చూసి "గోల్స్ సంఖ్యలో గణనీయమైన వృద్ధి" అని రాశారు. ఎవరో పుణ్యాత్ముడు మీడియాకు చెప్పబోతే రెండో సర్క్యులర్ దిగింది. తమ గోల్లో తామే కొట్టిన గోల్సు చెల్లవు, పూర్వ ప్రభావంతో రద్దు. మా విజయం రద్దయింది. ఏసుపాదం ఆఫీసులో అందరికీ టీ ఇప్పించాడు.

ఇక ఓడాలంటే అవతలివాడు గోలు కొట్టాలి. అవతలివాడు ఎందుకు కొడతాడు? వాడికీ ఓ కోచ్ ఉన్నాడు, ఆ కోచ్‌కీ ఓ మే నెల ఉంది. అలా నలభై నాలుగు మ్యాచ్‌లు సున్నా సున్నాతో ముగిశాయి. పది కాలేజీలూ సమానం. ఉగ్రనరసింహం గారు పత్రికా సమావేశం పెట్టి, విశ్వవిద్యాలయ చరిత్రలో ఎన్నడూ లేని సమతుల్యత సాధించామన్నారు. కానీ అందరూ సమానమైతే పోలిక కుదరదు, పోలిక కుదరకపోతే సంఘం ఎందుకు? మిగిలింది ఒకే ఒక్క మ్యాచ్. మాకూ త్రిశిఖర వాళ్ళకీ, మా గ్రౌండులో.

మూడో సర్క్యులర్ అప్పుడొచ్చింది. చివరి మ్యాచ్‌లో ఫలితం వచ్చేదాకా ఆట ఆపరాదు. గెలిచిన జట్టుకు మొదటి స్థానం, ఓడిన జట్టుకు పదో స్థానం, మిగతా ఎనిమిదింటికి అక్షరక్రమంలో స్థానాలు. మరునాడే అనంతలక్ష్మి పేరుతో ఉన్న కాలేజీ వారు పేరు మార్చమని దరఖాస్తు పెట్టుకున్నారు. ఇంకో కాలేజీ పాలకవర్గం అత్యవసరంగా కూడి, పేరుకు ముందు "హరిహర" అని చేర్చింది.

ఆ మ్యాచ్ ఉదయం ఏసుపాదం భార్య కరుణమ్మ అతని టిఫిన్ క్యారేజీ నా చేతికిచ్చింది. అతను మరిచిపోయి వచ్చేశాడట. "ఏడేళ్ళ నుంచి ఆట రోజున గెలవాలని ప్రార్థన చేసుకుంటున్నానండి సూపర్నెంటు గారూ" అంది. "ఇయ్యాల ఓడిపోవాలని చేద్దామని కూర్చుంటే నోరు రాట్లేదండి. దేవుడు ఏమనుకుంటాడో అనిపించి ఊరుకున్నానండి." క్యారేజీ పుచ్చుకుని, ఎండగా ఉంది వెళ్ళమ్మా అన్నాను.

మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. ఊరు ఊరంతా వచ్చింది. గ్రౌండుకు ఓ వైపు రైతులు ధాన్యం ఆరబోసుకున్నారు, ఆటలో బంతి అటు వెళ్తే తెచ్చివ్వడానికి వాళ్ళూ సిద్ధంగా కూర్చున్నారు. వేదిక మీద ఉగ్రనరసింహం గారు, పక్కన మా ప్రిన్సిపాల్, ఆ పక్కన పరిశీలకులు.

విజిల్ పడింది. బంతి మధ్యలో ఉంది. ఎవరూ ముట్టలేదు.

త్రిశిఖర కెప్టెన్ చేత్తో చూపించాడు. "తీసుకోండి బ్రదర్."

మా కెప్టెన్ నమస్కారం పెట్టాడు. "ఎంత మాటండి. అతిథులు తవరు. ముందు తవరే కొట్టాలండి."

"లేదు లేదు, మీ గ్రౌండు."

"గ్రౌండు మాదైతే ఏటండి, ఆట తవరిదండి."

ఇక్కడే త్రిశిఖర వాళ్ళు పొరపాటు చేశారు. మర్యాదలో మా లంకల వాళ్ళతో పోటీకి దిగారు. ఏసుపాదం ఏడేళ్ళు కష్టపడి అణిచిపెట్టిన మర్యాదంతా ఒక్కసారి కట్ట తెగింది. మావాళ్ళు బంతిని రెండు చేతులా తీసుకెళ్ళి వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టారు. రిఫరీ చేతి తప్పని విజిలేసి వాళ్ళకి ఫ్రీకిక్ ఇచ్చాడు. వాళ్ళు దాన్ని గురి చూసి ధాన్యంలోకి కొట్టారు. రైతులు తెచ్చిచ్చారు. మళ్ళీ "తవరు కానివ్వండి." మళ్ళీ ధాన్యంలోకి. తొంభై నిమిషాలు ఇలా గడిచాయి. పరిశీలకులు "క్రీడాస్ఫూర్తి పరాకాష్ఠ" అని రాసుకోవడం నేను చూశాను.

ఫలితం రావాలి గనక పెనాల్టీ కిక్కులు పెట్టారు. త్రిశిఖర కుర్రాడు తన్నితే బంతి కొబ్బరిచెట్ల మీదుగా పోయింది. మావాడు తన్నితే కార్నర్ జెండాకు తగిలింది. మూడో కిక్కు వాళ్ళది పొరపాటున గోలు వైపే వచ్చింది. ధర్మరాజుకు అంతకన్నా ఏం కావాలి? వదిలేస్తే మేం ఓడిపోతాం, మేస్టారి ఉద్యోగం నిలుస్తుంది. వాడు కళ్ళు మూసుకుని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బంతి దగ్గరకొచ్చింది. చేతులు విడిపోయాయి. పట్టేశాడు.

పట్టేసి అక్కడే బంతి మీద బోర్లా పడి ఏడ్చాడు. ఏసుపాదం లోపలికి పరుగెత్తి వాడిని లేపాడు. జెర్సీకంటిన మట్టి దులిపాడు.

ఇరవై కిక్కులు, ముప్పై కిక్కులు, ముప్పై తొమ్మిది. పొద్దు వాలింది. ఊరివాళ్ళకు విసుగొచ్చింది. ధాన్యం ఎత్తుకోవడానికి వచ్చిన ఓ ముసలమ్మ చేట పక్కన పెట్టి, "ఇంతమంది మగపిల్లలున్నారు, ఒక్కడికీ ఆ కన్నంలో ఎయ్యడం రాదేంట్రా" అంది. జనం నవ్వారు. మా పిల్లలు తలలు వంచుకున్నారు. ఏడేళ్ళలో ఆ గ్రౌండులో వాళ్ళను చూసి ఎవరూ అలా నవ్వలేదు.

ఏసుపాదం ఆ నవ్వు విన్నాడు. నేను అతని పక్కనే ఉన్నాను గనక ముఖం చూశాను. బూటు లేసు కట్టుకుంటున్నట్టు కిందికి వంగి చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచి పిల్లల్ని పిలిచాడు.

"ఇంక చాల్రా" అన్నాడు. "ఆడండి."

"మేస్టారండీ, మరి తవరి ఉద్యోగవండి?" అన్నాడు కెప్టెన్.

"అది నే చూసుకుంటాను. ఇలా ఆడితే మాత్రం నేను నేర్పినట్టు ఎవరికీ చెప్పకండి, సిగ్గుగా ఉంది. తర్వాత ఎవడిది?"

"నాదేనండి" అన్నాడు ధర్మరాజు.

"కొట్టరా."

"కొట్టెయ్యమంటారేటండి?"

"కొట్టెయ్యరా బాబూ."

వాడు బంతి పెట్టి, నాలుగడుగులు వెనక్కేసి, ఒక్కసారి మేస్టారి వైపు చూశాడు. తర్వాత తన్నాడు. ఫుట్‌బాల్ నా సెక్షను కాదని ముందే చెప్పాను. కానీ వల అలా వెనక్కి వెళ్ళి అలాగే నిలబడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఊరు కేకలు పెట్టింది. ముసలమ్మ కూడా చేట ఎత్తింది. నేను లేచి నిలబడ్డానని ప్రిన్సిపాల్ గారు మరునాడు చెబితే తెలిసింది.

మాకన్నా ఎక్కువ సంబరం త్రిశిఖర వాళ్ళది. వర్మ గారిని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. పదో స్థానం దక్కింది మరి. ఉగ్రనరసింహం గారు మైకు అందుకుని, "మహత్తరమైన ఉత్థానానికి పటిష్ఠమైన పునాది వేసిన శ్రీహర్షవర్మ గారికి" శాలువా కప్పారు. గెలిచిన జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఆధార సంవత్సరంలో సర్టిఫికెట్లకు ప్రొవిజన్ లేదు. మా పిల్లలు అలవాటు ప్రకారం అవతలి జట్టుకు బొండాలు కొట్టించి బస్సెక్కించారు. ఏసుపాదం గోలు స్తంభం దగ్గర నిలబడి క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నాడు. పొద్దుటి అన్నం అది.

పన్నెండో రోజున ఉత్తర్వు నా బల్ల మీదికొచ్చింది. కళాశాల సీలు వేసి అతని చేతికివ్వడం నా పని. సీలు వెయ్యడం నాకు ఒక లెక్క కాదు. ఇరవై ఆరేళ్ళలో కొన్ని వేలు వేసుంటాను. ఆ రోజు మాత్రం ఇంకు ప్యాడు దొరకలేదని సాయంత్రం దాకా వెతికాను. అది నా సొరుగులోనే ఉంది.

ఏసుపాదం వచ్చి నిలబడ్డాడు. మెళ్ళో విజిల్ లేదు.

"వచ్చిందాండి?"

"వచ్చింది."

"ఓసారి చదివిపెట్టండి. కళ్ళజోడు మార్చాలండి."

కళ్ళజోడు జేబులోనే కనబడుతోంది. నేను చదివాను. "మొగలిలంక ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఫుట్‌బాల్ జట్టు, శ్రీ గెడ్డం ఏసుపాదం శిక్షణలో, ప్రస్తుత సంవత్సరమున పది కళాశాలలలో ప్రథమ స్థానములో నిలిచినందున, ఇక ఎదుగుదలకు అవకాశము లేదని సంఘము నిర్ధారించి, సదరు వ్యక్తి కాంట్రాక్టును పొడిగించనవసరము లేదని ఇందుమూలముగా ఉత్తర్వు చేయడమైనది."

"మొదటి లైను మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను. అతను కళ్ళు మూసుకుని విన్నాడు.

"ప్రథమ స్థానం అనే ఉందాండి? టైపు తప్పు లేదు కదండి?"

"లేదు. విశ్వవిద్యాలయం ముద్ర, అధ్యక్షుల సంతకం, నంబరు, తేదీ అన్నీ ఉన్నాయి."

"మరి ఏడేళ్ళ నుంచి ప్రొవిజన్ లేదన్నారు కదండి" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. నాకు తలెత్తడం కష్టమైంది. ఈ నోటితోనే కదా ఏడు సార్లు లేదన్నాను. రూలు లేకపోతే ఓ తెల్లకాగితం మీద నా మాటగా రాసిచ్చినా నా సొమ్మేం పోయేది?

అతను కాగితం రెండు చేతులా పుచ్చుకుని, మడవకుండా అట్ట మధ్యన పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. కిటికీలోంచి చూస్తే బయట మెట్ల మీద మా జట్టు మొత్తం కూర్చుని ఉంది. ధర్మరాజు అందరికన్నా వెనక, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు.

"అప్పాజీ గారండి, ఇంకో చిన్న పని. ఇది జెరాక్సు తీయిస్తే తవరు సరిచూసినట్టు సంతకం పెట్టి స్టాంపేసి ఇత్తారేంటండి? దానికి ప్రొవిజన్ ఉందాండి?"

"ఉంది" అన్నాను. "నకలు ధ్రువీకరణకు ఉంది. ఎన్ని కావాలి?"

"పదహారండి. పిల్లలు పదహారు మంది."

పిల్లలు తెచ్చిచ్చిన పదహారు కాగితాలూ నా బల్ల మీద పేర్చుకున్నాను. ఒక మనిషి ఉద్యోగం తీసేసిన ఉత్తర్వును, అసలుతో సరిచూడబడినది అని పదహారు సార్లు రాసి, పదహారు సంతకాలు పెట్టి, పదహారు సార్లు సీలు వేశాను. ప్రిన్సిపాల్ గారు లోపలి నుంచి ఏమిటా చప్పుడని అడిగారు. స్పోర్ట్స్ సర్టిఫికెట్లండీ అని చెప్పాను.